చీరల కింద నారు

పలమనేరులో చలి
కబురు పంపించి రాదు.
మాపటేళ కౌండిన్య అడివి దిగి
బెంగుళూరు రోడ్డు దాటి
నేరుగా మా నర్సరీలోకి వస్తుంది,
చెప్పులు కూడా విప్పకుండా.

నూట యాభై ట్రేలు.
ట్రేకు తొంభై ఎనిమిది గుంటలు.
గుంటకొక టమాటా మొలక,
రెండాకులు విప్పి
మూడోది విప్పాలా వద్దా అని
ఆలోచన చేస్తా ఉంది.

ఆర్డరిచ్చిన గంగవరం రైతు
నిన్న పొద్దున ఫోను చేసినాడు.
"మదనపల్లె మార్కెట్టులో కిలో మూడు రూపాయలంట అక్కా,
నారొద్దు. అడ్వాన్సు నువ్వే పెట్టుకో."
అడ్వాన్సు ఐదొందలు.
కొబ్బరిపొట్టు ఖర్చుక్కూడా చాలదు.
వద్దన్న మాట నారుకింకా తెలియదు.
నేను చెప్పలేదు.

రాత్రికి ఎనిమిది డిగ్రీలని టీవీలో చెప్పినారు.
దొరసామి తాత టీవీ చూడడు.
గెనిమ మీద కూర్చుని తన బీడీ పొగ చూస్తాడు.
పొగ పైకి లేవకుండా
నేల పట్టుకుని పాకితే
"ఈ పొద్దు గట్టిగానే ఉంటాది మే" అంటాడు.

ఆయన చెప్పినట్లే చేసినాను.
పొద్దు వాలకముందే బోరు నీళ్లు పెట్టినాను,
లోపలి నీళ్లు కదా, గోరువెచ్చన.
ఆకు తడవకుండా, మొదలుకు మాత్రమే.
ఉత్తరం పక్క గోనెపట్టలు కట్టినాను.
ట్రేల నడుమ నల్లరాళ్లు పెట్టినాను.
పగలంతా ఎండ తాగినవి
రాత్రికి రొంత రొంత కక్కుతాయి.

ఇంక కప్పను గుడ్డలు.
పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే దస్తగిరి
మా గేటు ముందర సైకిలాపినాడు.
నేను నా స్టీలు బిందె తెచ్చి ఆయన ముందర పెట్టి
"చీరలియ్" అన్నాను.
ఇరవై రెండేళ్లలో యాపారం తిరగబడింది ఇప్పుడేనంట.
నవ్వి నవ్వి దగ్గొచ్చి
పదిహేడు చీరలిచ్చినాడు.
కొసరుకొకటి.

ఎవరి చీరలో.
ఒకదాని కొంగున ముడి ఇంకా ఉంది,
విప్పితే ఒక వక్క, ఒక రూపాయి బిళ్ల.
ఒకదానికి పసుపు చేతి మరక.
ఒకటి కుచ్చిళ్ల దగ్గర ఒకే చోట చిరిగి
నాలుగు రంగుల దారాలతో నాలుగుసార్లు కుట్టించుకున్నది.
వెదురుదబ్బలు వంచి
రెండు మడతలేసి పరిచినాను.
పేర్లు తెలియని పద్దెనిమిది మంది ఆడోళ్లు
ఆ రాత్రి నాకు కాపలాకొచ్చినారు.
కూలీ అడగలేదు.

చివరి నాలుగు ట్రేలకు చీర చాలలేదు.
దబ్బలు కూడా అయిపోయినాయి.
కొత్త ప్లాస్టిక్కు కవరు కొనుక్కొచ్చి
మొలకల మీదనే కప్పి
గాలి దూరకుండా అంచులు నొక్కి నొక్కి పెట్టినాను.
అన్నిటికంటే భద్రంగా కప్పింది వాటినే.

రెండు గంటలప్పుడు లేచి పోయినాను.
చేసేదేమీ లేదు. ఊరికే.
రోడ్డు మీద లారీలు. ఎక్కడో
ఏనుగును తోలే టపాకాయ.
ఒక చీర కిందికి చెయ్యి పోనిచ్చి చూసినాను.
అన్నం తినేసినాక
గిన్నెలో ఎంత వెచ్చన మిగులుతుందో
అంతే ఉంది.

పొద్దున ఎండ ముదిరినాక
చీరలు తీసినాను. మొలకలు నిలబడి ఉన్నాయి.
కవరెత్తినాను.
ఆకును అది తాకిన చోటల్లా
ఉడికిన తోటకూర మాదిరి నల్లగా.
తాకని చోట పచ్చగా.

దొరసామి తాత ఒక ఆకును వేలితో తిప్పి చూసి
"కప్పడమంటే మీద పడేది కాదు మే" అన్నాడు.
బీడీ కోసం జోబీ తడుముకుంటా పోయినాడు.
నాకు ఆ మాట
నారు దగ్గర ఆగలేదు.
ఎవరెవరో గుర్తుకొచ్చినారు.

నూట నలభై ఆరు ట్రేలు బతికినాయి.
కొనేవాడింకా లేడు.
మూడో ఆకు మాత్రం విప్పేసినాయి.

ఈ పొద్దు వెదురుదబ్బలకు పోవాల.
బిందె లేదు కదా,
నీళ్లు పెయింటు డబ్బాతో మోస్తున్నా.